అమీన్ సయానీ ప్రసారజీవితము - గీతమాల భాష

మన సంగీతచరిత్రకారులు గాయకులను స్మరించిరి, వాగ్గేయకారులను స్మరించిరి, వారిని పోషించిన ప్రభువులను స్మరించిరి. పాటను శ్రోత చెవికి చేర్చిన మధ్యవర్తిని స్మరించినవారు అరుదు. పూర్వ మట్టి మధ్యవర్తి యొకడు ప్రత్యేకముగా లేకపోవుటయే ఇందుకు కారణము కావచ్చును. పాడువాడును వినువాడును ఎదురెదురుగా కూర్చుండెడివారు. గ్రామఫోను రికార్డు, పిమ్మట రేడియో వచ్చిన తరువాతనే పాటకును శ్రోతకును నడుమ ఒక క్రొత్త కంఠము ప్రవేశించినది. ఆ కంఠము పాడదు, వాయింపదు. పాటను పరిచయము చేసి తప్పుకొనును. పాశ్చాత్యులు ఈ వృత్తి చేయువానికి డిస్క్ జాకీ అని పేరిడిరి. మన యక్షగానములందలి సూత్రధారుడు వానికి దూరపు బంధువని చెప్పవచ్చును గాని, సూత్రధారుడు సభను చూచి మాటాడును. ఇతడు సభను చూడకయే మాటాడవలెను. ఈ భేదము చిన్నది కాదు.

ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనినది అట్టి కంఠములలో మన దేశమున మిక్కిలి దీర్ఘకాలము వినవచ్చిన యొకదానిని గూర్చి. అమీన్ సయానీ 1932 డిసెంబరు 21న బొంబాయిలో జన్మించి, 2024 ఫిబ్రవరి 20న ఆ నగరముననే తనువు చాలించెను. 1952లో మొదలై 1994 వరకు సాగిన 'గీతమాల' అను హిందీ సినిమాపాటల కార్యక్రమము ఆయన కీర్తికి ఆధారము. తెలుగు పరిశోధన పత్రికలో హిందీ ప్రసారకుని చరిత్ర ఏల యను ప్రశ్న పాఠకులకు కలుగుట సహజము. జనులు మాటాడు భాషను జనులకే వినిపింపవచ్చునా అను వివాదము, మన గిడుగు రామమూర్తి పంతులుగారి నాటినుండి మన శాఖలకు సుపరిచితమైనదే, ఈ జీవితమునకు కేంద్రమై యున్నది. అదియు గాక, ఏ ప్రభుత్వ విధానము గీతమాలకు లక్షలకొలది శ్రోతలను సమకూర్చెనో ఆ విధానమే తెలుగునాట లలితగీతమునకు ఆశ్రయమైనది. ఈ రెండవ విషయము తగినంతగా గుర్తింపబడలేదని మా అభిప్రాయము.

సయానీ తల్లి కుల్సుం సయానీ బొంబాయిలో వయోజన విద్యకై పాటుపడిన దేశభక్తురాలు. ఆమె గాంధీజీ భాషాభిప్రాయములను అనుసరించి 1940లో 'రహ్బర్' అను పత్రికను స్థాపించి రెండు దశాబ్దములు నడపినది. రహ్బర్ అనగా దారి చూపువాడని అర్థము. క్రొత్తగా అక్షరములు నేర్చిన పెద్దలకై వెలువడిన ఈ పత్రికలో భాష ఒక్కటియే, సులభమైన హిందుస్తానీ. లిపులు మాత్రము మూడు - దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ. ఇది తెలుగువారికి కొంత వింతగా తోచును. మనకు లిపి ఒక్కటియే. కలహించినవి రెండు భాషారూపములు. ఉత్తరాదిన భాష ఒక్కటియే యయ్యు లిపిభేదముచేత, మతభేదముచేత రెండుగా చీలుచుండెను. బాలుడైన అమీన్ ఈ పత్రిక పనిలో తల్లికి తోడ్పడెను. కఠినమైన సంస్కృతపదమును గాని, దుర్గ్రహమైన పారసీకపదమును గాని రానీయక వాక్యమును నడపుట యెట్లో ఆయన నేర్చినది కళాశాలలో కాదు, ఈ పత్రికా ముద్రణములోనే అని చెప్పుట సాహసము కాదు.

అన్న హమీద్ సయానీ బొంబాయి రేడియో కేంద్రమున ఇంగ్లీషు ప్రసారకుడు. తమ్ముని బాల్యముననే స్టూడియోకు కొనిపోయి మైకుముందు నిలిపినవాడు ఆయనయే. గ్వాలియరులోని సింధియా పాఠశాలలోను, బొంబాయి సెంట్ జేవియర్ కళాశాలలోను చదివిన అమీన్ తొలినాళ్ళలో ఇంగ్లీషు ప్రసారములే చేసెను. హిందీ ప్రసారకుడుగా పరీక్షకు నిలిచినపుడు, ఉచ్చారణలో గుజరాతీ, ఇంగ్లీషు ఛాయలున్నవని తనను తిరస్కరించిరని ఆయనయే పెక్కుమారులు చెప్పియుండెను. తరువాతి కాలమున కోట్లాది జనులకు హిందుస్తానీ ఉచ్చారణమునకు ప్రమాణమైన కంఠమిది! ప్రమాణభాషను నిర్ణయించువారు ఎవరను ప్రశ్న యెదురైనపుడు ఈ యుదాహరణమును విద్యార్థులు జ్ఞప్తియందుంచుకొనవచ్చును.

ఇక నాటి ఆకాశవాణి స్థితిని చూడవలెను. 1952లో సమాచార ప్రసార శాఖకు మంత్రియైన బాలకృష్ణ విశ్వనాథ కేస్కర్ 1962 వరకు ఆ పదవియందుండెను. ఆయన శాస్త్రీయ సంగీతము నభ్యసించిన పండితుడు. సినిమాపాట జనుల అభిరుచిని చెరుపుచున్నదని ఆయన దృఢవిశ్వాసము. సినిమాపాటలకు కేటాయించు కాలము తగ్గింపబడినది. ప్రసారమునకు యోగ్యమైన పాటలను ముందుగా పరీక్షించి యెన్నుకొనవలెనని నియమము వచ్చినది. చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని, పేరు చెప్పక పాట మాత్రమే వినిపింపసాగిరి. నిర్మాతలు దీనికి ఆగ్రహించి తమ పాటల ప్రసారమునకు అనుమతిని ఉపసంహరించుకొనిరి. ఫలితముగా కొలది నెలలలోనే ఆకాశవాణిలో సినిమాపాట దాదాపుగా మూగవోయినది. సంగీత విషయమున ఇట్టి శాసనములు ఆ సంస్థకు క్రొత్తవి కావు. శ్రుతుల సూక్ష్మభేదములను పలికింపజాలదను కారణమున హార్మోనియము 1940లోనే బహిష్కృతమై యుండెను. హార్మోనియము లేనిదే పద్యనాటకమునకు తెర లేవని ఆంధ్రదేశమున ఈ నిషేధమును రసికులు ఏమని భావించిరో ఊహించుకొనవచ్చును.

కేస్కరును సంగీతద్వేషిగ చిత్రించుట ఈనాటి వ్యాసకర్తలకు పరిపాటి. అది న్యాయము కాదు. జాతీయ సంగీత కార్యక్రమము 1952లో, రేడియో సంగీత సమ్మేళనము 1954లో ఆయన కాలముననే వెలసినవి. రాజాస్థానములు అంతరించి విద్వాంసులు దిక్కులేనివారగుచున్న సమయమున వారికి రేడియో కొంత ఆస్థానమైనది. ఆయన పొరపాటు సంగీతమును ప్రేమించుటలో లేదు. శ్రోతకు మీట త్రిప్పు స్వాతంత్ర్యము కలదను సంగతిని మరచుటలో ఉన్నది.

మీట త్రిప్పిన శ్రోతకు దొరకినది సిలోను. ఆ ద్వీపమున 1925 నాటికే ప్రసారము ప్రారంభమైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున మౌంట్ బాటెన్ నాయకత్వముననున్న ఆగ్నేయాసియా సేనల కొరకు అచట రేడియో కేంద్రము నెలకొల్పబడి, యుద్ధానంతరము అందలి శక్తిమంతమైన హ్రస్వతరంగ ప్రసారయంత్రము సిలోను ప్రభుత్వమునకు సంక్రమించినది. హ్రస్వతరంగములు భూమివెంట ప్రాకిపోక ఆకాశమునకెగసి, అచటి విద్యుత్పూరితమైన వాయుపొరను తాకి మరల నేలకు వంగును. అందుచేత కొలంబో కంఠము కాశ్మీరమున వినబడుటకు ఆటంకము లేదు. 25, 41 మీటర్ల పట్టీలు ఉత్తరాది శ్రోతలకు కంఠస్థములు. యుద్ధమునకై వచ్చిన యంత్రము ప్రేమగీతములకు ఉపకరించినది! 1950 ప్రాంతమున అచట వాణిజ్యవిభాగము ఏర్పడగా, కొలంబో పథకము క్రింద వచ్చిన ఆస్ట్రేలియా దేశస్థుడు క్లిఫర్డ్ డాడ్ దానిని చక్కదిద్దెను. పది రేడియోలలో తొమ్మిది సిలోనునే పలుకుచున్నవని, పదవది చెడిపోయినదని ఆ కాలమున ఒక మాట వ్యాప్తిలో నుండెను. చమత్కారమైనను సత్యమునకు దూరము కాదు.

ఈ వ్యాపారములో ఒక విచిత్రము కలదు. హిందీ కార్యక్రమములు తయారైనది కొలంబోలో కాదు, బొంబాయిలో. పాటలు బొంబాయివి, ప్రకటనకర్తలు బొంబాయివారు, కంఠము బొంబాయిది. టేపుపై ముద్రించి విమానమున సముద్రము దాటింపగా, అదియే తరంగరూపమున మరల భారతదేశమునకు చేరెడిది. రేడియో సిలోను అమీన్ సయానీ అని లోకమెరిగిన మనిషి తన నగరమును వీడి పోనక్కర లేకపోయినది. ఆయన ఈ రంగమున అడుగిడిన తీరు కూడ తమాషాగ నుండును. కళాశాల ప్రాంగణమందలి రికార్డింగు గదిలో బాలగోవింద శ్రీవాస్తవ 'ఓవల్టీన్ ఫుల్వారీ' అను కార్యక్రమము నిర్వహించుచుండగా ఈ యువకుడు చూడబోయెడివాడట. ప్రకటన చదువువాడు రాని ఒకనాడు ఆయన చేత చదివించిరట. అందుకు ముట్టిన ప్రతిఫలము వారమునకొక చిన్న ఓవల్టీన్ డబ్బా.

బినాకా అను దంతధావన లేపమును తయారుచేయు సీబా సంస్థవారు సినిమాపాటల పోటీయొకటి నడుపదలచిరి. పాటలెన్నుట, వ్రాయుట, చదువుట, నిర్మించుట, వచ్చిన ఉత్తరములు విప్పి లెక్కించుట - ఇన్ని పనులకు వారమునకు ఇరువదియైదు రూపాయలు! అనుభవజ్ఞులెవ్వరును ఇంత స్వల్పమునకు ఒప్పుకొనరు గనుక, ఇరువదేండ్లు నిండని అమీన్‌కు ఆ పని దక్కినది. 1952 డిసెంబరు 3, బుధవారము, తొలి 'బినాకా గీతమాల' ప్రసారమయ్యెను. అరగంట కాలము, ఏడు పాటలు. వానిని తారుమారుగా వినిపించి, సరియైన వరుసలో పేర్చి వ్రాయుడని శ్రోతలను కోరిరి. బహుమానము నూరు రూపాయలు. కొలదిమంది వ్రాయుదురని తలచిన నిర్వాహకులకు తొలిమారే తొమ్మిదివేల ఉత్తరములు వచ్చినవని, తరువాత వారమునకు అరువదియైదువేల వరకు పెరిగినవని సయానీ చెప్పెడివాడు. ఆ మోపులను విప్పుట అసాధ్యము కాగా పోటీ మానుకొని, కార్యక్రమమును గంటకు పెంచి, పాటల జనాదరణమును బట్టి వరుస కట్టి క్రిందినుండి పైకి వినిపించు పద్ధతి నవలంబించిరి. నేడు ప్రతి సంగీతప్రసారమునందును కానవచ్చు అవరోహణగణన మన దేశమున జనసామాన్యమునకు అలవడినది దీనితోనే.

భాషావిషయమున మేము కొంత యెక్కువసేపు నిలువవలసి యున్నది. స్వాతంత్ర్యానంతరము ఆకాశవాణి వార్తలలోని హిందీ నానాటికి సంస్కృతభూయిష్ఠమగుచు వచ్చినది. సినిమా పాటలు మాత్రము హిందూ ముస్లిం కవుల చేతులలో హిందుస్తానీలోనే యుండెను. పాట ఒక భాషలోను, దాని పరిచయము మరియొక భాషలోను ఉన్నచో వాక్యము విరిగిపోవును. సయానీ పాట ఏ భాషలో నున్నదో ఆ భాషలోనే దానిని పరిచయము చేసెను. ఆయన ప్రతిభకు మూలము ఇదియే యని మేము తలంచుచున్నాము. శ్రోతలను సంబోధించు తీరును చూడుడు. 'బెహనోఁ ఔర్ భాయియోఁ' అని ఆయన పిలుపు. సభలయందు సోదరులారా, సోదరీమణులారా యని పిలుచుట లోకవాడుక. ఆయన అక్కచెల్లెండ్రను ముందు నిలిపెను. రేడియో ఇంటిలోని వస్తువు. రాత్రి ఎనిమిది గంటలకు వంటయింటినుండి వినుచున్న స్త్రీని మొదట పిలుచుట మర్యాద మాత్రమే గాక, వినువారెవ్వరో యెరిగిన ప్రసారకుని వివేకము కూడ.

పాట నిలిచిన స్థానమునకు ఆయన వాడిన మాట 'పాయ్‌దాన్', అనగా మెట్టు. నంబరు అనియు అనవచ్చును, స్థానమనియు అనవచ్చును. అవి రెండును లెక్కల పుస్తకపు మాటలు. మెట్టు అనగానే పాట కాళ్ళు తెచ్చుకొని యెక్కుచు దిగుచు నుండు జీవియగును. (పాదవాచకమైన ఆ పారసీక శబ్దమే హైదరాబాదు భోజనశాలలలో 'పాయా' అను పులుసుగా వినియోగమందున్నది.) నియమితమైనన్ని వారములు వరుసలో నిలిచిన పాట 'సర్తాజ్' అనిపించుకొనెడిది, శిరస్సుపై కిరీటము గలదని భావము. అపుడు బాకా మ్రోగెడిది. పోటీ, ఆరోహణము, పట్టాభిషేకము, విరమణము - ఇది యంతయు ఒక చిన్న రాజుకథ. వారము వారము సాగు కథకు శ్రోతలు కట్టుబడుదురని మన బుఱ్ఱకథకులకు తెలియని సంగతి కాదు.

ఆయన ఉచ్చారణము నింకొక దృష్టితో పరిశీలింపవలెను. హ్రస్వతరంగ ప్రసారము నిలుకడ లేనిది; కంఠము అలవలె దగ్గరగుచు దూరమగుచు నుండును, నడుమ అక్షరములు లోపించును. సయానీ వాక్యము చివర అచ్చులను సాగదీయును. చిత్రనామమునకు ముందు లిప్తకాలమాగును. పేరును పాటకు ముందొకమారు, వెనుకనొకమారు చెప్పును. ఆయనను అనుకరించి నవ్వించువారు ఈ సాగతీతనే పట్టుకొనిరి. కాని, గురగుర శబ్దము నడుమ వినువానికి అర్థము చెడకుండ చేయు ఉపాయమిదియని గ్రహించినవారు తక్కువ. శైలి యని మనము మెచ్చుకొనునది పలుతావుల వాహకయంత్రముయొక్క లోపమునకు కనుగొన్న పరిష్కారమే. పల్లెలలో రాత్రి చల్లనిగాలిలో కేకవేయువాడు పిలుపు చివర దీర్ఘము పెట్టుట ఇట్టిదియే గదా.

పేర్లు చెప్పుట యనునది కూడ స్వల్ప విషయము కాదు. 1949లో 'మహల్' చిత్రమునకు లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డుపై గాయని పేరు లేదు. పాత్ర పేరైన 'కామిని' అని ముద్రింపబడినది. పాడినదెవరని రేడియో శ్రోతలు వ్రాసి వ్రాసి అడుగగా నిజమైన పేరు బయలుపడినది. అట్టి కాలమున ఒకవంక ఆకాశవాణి చిత్రము పేరును దాచుచుండగా, వేరొకవంక గీతమాల చిత్రమును, గాయకుని, సంగీతకర్తను, గీతకర్తను వారము వారము ప్రకటించెను. గీతరచయిత పేరు సామాన్యజనుల నోళ్ళలో నానుటకు ఈ కార్యక్రమము చేసిన దోహదమును సాహిత్యచరిత్రకారులు లెక్కకు తీసికొనవలెను.

అయినను గీతమాల వరుసలను జనాభిరుచికి నిర్దుష్ట ప్రమాణముగ స్వీకరించుట తగదు. వరుస మొదట నగరములందలి రికార్డు దుకాణముల అమ్మకములను బట్టి, పిమ్మట శ్రోతల సంఘముల అభిప్రాయములను కూడ చేర్చి నిర్ణయింపబడుచుండెను. రికార్డు కొనగలవారెవరు? గ్రామఫోను పెట్టెగల ధనికులు, ఇరానీ హోటళ్ళవారు, పెండ్లిండ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చువారు, ఆటకు ముందు పాటలు వేయు డేరా సినిమాలవారు. కొన్నవాడొకడు, విన్నవారు నూర్గురు. ఆ నూర్గురి యిష్టము లెక్కలోనికి పరోక్షముగ మాత్రమే వచ్చినది. అంతేగాక పై మెట్టున నున్నదను ప్రకటనయే మరికొన్ని రికార్డులను అమ్మించును, కార్యము కారణమగును. పాటకు మొదటి మెట్టు దక్కించుకొనుటలో లాభము గలవారు ఊరకుండరు. సంఘముల అభిప్రాయములను చేర్చుకొనుటలో ఇట్టి ప్రయత్నములకు అడ్డుకట్ట వేయు ఉద్దేశము కూడ కలదని తోచుచున్నది. ఈ పట్టికలను వాడదలచిన పరిశోధకులు వానిని ఓట్ల జాబితాగ గాక, నగర వర్తకము నుండి మిగిలిన ఒక దస్తావేజుగ చూచుట మంచిది.

తెలుగుదేశమున దీని ప్రతిధ్వనులు పలువిధములు. 1953 సంవత్సరపు గీతమాల పట్టికకు శిరోభాగమున నిలిచినది హిందీ 'అనార్కలి'లో సి. రామచంద్ర స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన గీతము. 1955లో అంజలీ పిక్చర్సువారి తెలుగు 'అనార్కలి' వెలువడినపుడు పి. ఆదినారాయణరావు సంగీతములో ఆ వరుసయే తెలుగు మాటలు తొడుగుకొని జిక్కి కంఠమున పలికినది. హిందీ మూలమును సిలోనులో విని, తెలుగు పాటను థియేటరులో విని, రెంటిని పోల్చిచూచుకొన్న శ్రోతలకు ఆనాడు కొదువ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో స్థాపితమైనందున హైదరాబాదు రాజ్యమున చదివిన తెలుగువారికి సయానీ హిందుస్తానీ పరాయిది కాదు. అచటి దక్కన్ రేడియో, 1950లో ఆకాశవాణిలో విలీనమగువరకు, ప్రధానముగా ఉర్దూలోనే మాటాడినది. కోస్తా జిల్లాలవారి స్థితి వేరు. వారు హిందీ ప్రచార సభ పరీక్షలకై చదివిన హిందీ వ్యాకరణపుస్తకము వాసనగలది. జీవముగల హిందీ వాక్యమెట్లుండునో వారిలో పెక్కురికి తెలిపినది బుధవారపు రాత్రియే యనిన అతిశయోక్తి కాదు. సిలోను కేంద్రము తెలుగు సినిమాపాటలను కూడ ప్రసారము చేసెడిది. ఆ తెలుగు ప్రసారముల వ్యాఖ్యాత్రి మీనాక్షి పొన్నుదురై పేరు ఆనాటి శ్రోతలు నేటికిని తలంచుకొందురు.

ఇక లలితగీతము. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. బాలాంత్రపు రజనీకాంతరావు 1941 నుండియే మద్రాసు కేంద్రమున గేయములు రచించి స్వరపరచుచుండెను. కాబట్టి నిషేధమువలననే లలితగీతము పుట్టినదనుట చరిత్రకు విరుద్ధము. కాని సినిమాపాట తొలగిన చోటు శూన్యముగ నుంచరాదు గనుక, కేస్కర్ కాలమున కేంద్రములన్నింట లఘుసంగీత విభాగములు బలపడినవి; కవులకు, స్వరకర్తలకు స్థిరమైన కొలువులు దొరకినవి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గేయములు, పాలగుమ్మి విశ్వనాథము స్వరరచనలు, విజయవాడ భక్తిరంజని - ఇవి ఆ అవకాశమును సద్వినియోగము చేసికొన్నవి. ఉత్తరాదిన కేస్కర్ తలపెట్టిన ప్రత్యామ్నాయగీతములను సినిమాపాట మ్రింగివేసినది. తెలుగున మాత్రము లలితగీతము నిలిచినది. పాఠశాల వార్షికోత్సవములలోను, గృహములలోను పాడబడినది. ఒకే విధానము ఒకచోట విఫలమై ఒకచోట ఫలించుటకు హేతువేమి? తెలుగు కేంద్రములకు ఆ సమయమున భావకవిత్వపు నీడలో పెరిగిన గేయకవులు సిద్ధముగ నుండిరి; వారికి పాడదగిన పద్యము వ్రాయుట క్రొత్త కాదు. హిందీ సీమలో అట్టి కవులలో అగ్రగణ్యులు, సాహిర్, షైలేంద్ర మొదలగువారు, అప్పటికే సినిమారంగమున నుండిరి. విరోధి శిబిరమున కవులు, తన శిబిరమున శాసనములు! ఇది మా వివరణము. దీనిని ఖండింపగల సామగ్రి యెవరికైన లభించినచో వారి వాదమును ఆదరముతో విందుము.

సినిమాపాటపై ప్రభుత్వ పట్టుదల చిరకాలము నిలువలేదు. 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసినది. 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రములలో దానియందు వ్యాపార ప్రకటనలు మొదలైనవి. ట్రాన్సిస్టరు పొలములకు చేరినది. తెలుగువారికి జనరంజని వచ్చినది. సిలోను ఆధిక్యము క్రమముగ తగ్గినను గీతమాల తగ్గలేదు. సయానీ ఇతర కార్యములును పెక్కు చేపట్టెను. 1972లో హమీద్ సయానీ నిర్వహణమున మొదలైన బోర్న్‌విటా క్విజ్ పోటీని, 1975లో అన్న మరణించిన పిమ్మట, ఆయనయే నడపెను. సంగీతకారుల చరిత్రలను వారి మాటలతోనే వినిపించిన 'సంగీత్ కే సితారోఁ కీ మెహఫిల్' ఆయన రచనలలో మా దృష్టికి గీతమాలకన్న విలువైనది. అందు వరుసల సందడి లేదు, మనిషి మాటాడుటకు తగిన కాలము కలదు. 1965 నాటి 'భూత్ బంగ్లా' వంటి చిత్రములలో ప్రకటనకర్తగనే క్షణకాలము కానవచ్చెను. ఏబదినాలుగువేల కార్యక్రమములు, పందొమ్మిదివేల ప్రకటనలు ఆయన ఖాతాలో లెక్కింపబడినవి.

1989లో గీతమాల సిలోనును విడిచి వివిధభారతికి వచ్చినది. ఒకనాడు తన ఉచ్చారణమును కాదన్న సంస్థ, తాను వినిపించు పాటలను కాదన్న సంస్థ, ముప్పదియేడేండ్లకు ఆయనకు వేదిక యైనది. అప్పటికి కాలము మారిపోయి యుండెను. దూరదర్శను చిత్రహారము పాటను కంటికి చూపుచుండెను. 1977 అక్టోబరు 23న ప్రారంభమైన హైదరాబాదు దూరదర్శను కేంద్రము శుక్రవారపు చిత్రలహరితో తెలుగిండ్లను కట్టిపడవేసెను. 1990 తరువాత ఉపగ్రహ ప్రసారములు వచ్చి, వీడియో జాకీ యను నూతన వృత్తిని వెంట తెచ్చినవి. మెట్లు, అవరోహణము, మొదటి స్థానమునకు ముందు ఉత్కంఠ - వీరందరును గీతమాలనుండి గ్రహించినవే. గ్రహింపనిది పాటకు చోటిచ్చి తాము తప్పుకొను గుణము. ముఖము కనబడునపుడు తప్పుకొనుట కష్టము గాబోలు. తెలుగున దీనికొక మినహాయింపు కలదు. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' వేదికపై ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాటను, కవిని, స్వరకర్తను, ఆనాటి రికార్డింగు ముచ్చటలను కూర్చి పరిచయము చేసిన తీరు ఈ సంప్రదాయమునకు చెందినది. ఆయన స్వయముగ గాయకుడయ్యు, మాటాడునపుడు ఇతరుల పాటకే పీట వేసెను.

గీతమాల 1994తో ఆగినది. 2000 తరువాత ప్రాయోజకుల పేరు మార్చుకొని కొంతకాలము మరల వినవచ్చినది. 2009లో సయానీకి పద్మశ్రీ లభించెను. 'గీతమాలా కీ ఛావోఁ మేఁ' అను పేర వెలువడిన ధ్వనిముద్రిక సంపుటములలో ఆయన వృద్ధకంఠమున పాతపాటల కథలను తిరిగి చెప్పియున్నాడు. నిలుకడగల శబ్దము, గురగురలేని ముద్రణము. అయినను వాక్యాంతమున అచ్చు సాగుచునే యున్నది, పేరునకు ముందు లిప్తకాలము ఆగుచునే యున్నాడు, అక్కచెల్లెండ్రు అన్నదమ్ములకు ముందే నిలిచియున్నారు.